బారన్ తుంటి ఫొటో

రాయదుర్గంలోని ఆఫీసులో ఇమ్మాన్యుయేల్ ఉద్యోగం ఇతరుల తప్పులు వెతకడం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ విభాగానికి మేనేజరు. కుర్రాళ్ళు తిండీ నిద్రా మానుకుని రాసి తెచ్చిన ప్రోగ్రామును పట్టుకుని, ఎక్కడో ఒకచోట మేకు ఊడి కింద పడేదాకా ఊపుతాడు. పడ్డాక ఆ మేకును రచయిత చేతిలో పెట్టి, చాలా మర్యాదగా, వెనక్కి పంపేస్తాడు. "టెస్టు చేయనిది గడప దాటదు" అని అతను మాటిమాటికీ అనే మాటను ఎవరో ప్రింటు తీసి అతని కుర్చీ వెనక అంటించారు. అది పొగడ్త అనుకుని చాలాకాలం అలాగే ఉంచుకున్నాడు.

అలాంటి మనిషి తన కుక్క దగ్గరకి వచ్చేసరికి ఎలా అయిపోయాడో ఇప్పుడు తనే చెప్పి నవ్విస్తాడు. టీములో కొత్తవాళ్ళు చేరితే చాలు, మధ్యాహ్నం భోజనాల దగ్గర పాతవాళ్ళు "సార్, బారన్ సంగతి చెప్పండి" అని మొదలుపెట్టిస్తారు. చెప్పిన ప్రతిసారీ తనను ఇంకాస్త వెర్రివాడిగా చేసి చెబుతాడు. ఉన్నదున్నట్టు చెప్పినా పెద్ద తేడా ఉండదు.

కుక్క కావాలని మొదట అడిగింది కూతురు బ్లెస్సీ, పదో తరగతిలో ఉండగా. సరేనని ఇమ్మాన్యుయేల్ పరిశోధన మొదలుపెట్టాడు. ఏ జాతి, ఏ ఊరి బ్రీడరు, ఏ వంశం, రిజిస్ట్రేషన్ ఎలా చేస్తారు, మైక్రోచిప్ ఎక్కడ పెడతారు అని చదువుతూనే ఉన్నాడు. అతని పరిశోధన పూర్తయ్యేసరికి బ్లెస్సీ ఇంటర్ కూడా పూర్తిచేసి ఇంజనీరింగుకి విశాఖపట్నం హాస్టల్లో చేరిపోయింది. కుక్కపిల్ల మాత్రం కోయంబత్తూరు నుంచి పుప్పాలగూడలోని వాళ్ళ ఫ్లాటుకి వచ్చింది. లేత పసుపు రంగు లాబ్రడార్. సర్టిఫికెట్టు మీద దాని పేరు రెండు లైన్లు పట్టింది. అందులోంచి ఇమ్మాన్యుయేల్ "బారన్" అనే ముక్క తీసుకున్నాడు. ఆ ఇంట్లోనే ఉండే అతని అత్తగారు దీనమ్మకి అది నోరు తిరగలేదో, తిప్పడం ఇష్టం లేకపోయిందో గానీ, మొదటిరోజు నుంచీ "బారయ్యా" అనే పిలిచింది. కుక్క ఆ పిలుపుకే పలికేది.

కెన్నెల్ క్లబ్బు సర్టిఫికెట్టు వచ్చిన రోజు ఇమ్మాన్యుయేల్ దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెళ్ళిఫొటో పక్కన తగిలించాడు. సెలీనా ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుతూ దాన్ని చూసింది. ఆవిడ సీనియర్ నర్సు. దేన్నయినా చూడగానే ముందు పల్స్ పట్టుకునే స్వభావం.

"మన పెళ్ళిఫొటో కాస్త పక్కకి జరిగినట్టుందేమండీ?"

"ఫ్రేము సైజు పెద్దది సెలీనా. మధ్యలో పెడితేనే బాలెన్సుగా ఉంటుంది."

ఆవిడ పెళ్ళిఫొటోని వంటింట్లోకి మార్చేసింది. అది ఇప్పటికీ అక్కడే, మిక్సీ పైన ఉంది.

ఆ సర్టిఫికెట్టులో బారన్ తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళ భార్యల పేర్లన్నీ ఉన్నాయి. ముత్తాత బెంగళూరు షోలో ఛాంపియను. ఇమ్మాన్యుయేల్‌కి తన తాత పేరు యోహాను అని తెలుసు. యోహాను తండ్రి పేరు అడిగితే మాత్రం చెప్పలేడు, ఎందుకంటే బాప్తిస్మం పుస్తకంలో ఆ వంశం యోహానుతోనే మొదలవుతుంది. కానీ కుక్క ముత్తాత పేరు నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర అత్తగారికి ఆ వంశవృక్షం వివరించాడు.

"మూడు తరాల్లో ఎక్కడా కలగలుపు లేదత్తయ్యా. స్వచ్ఛమైన రక్తం."

దీనమ్మ బాపట్ల దగ్గర స్కూల్లో ముప్పైయేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అన్నంలో పెరుగు కలుపుకుంటూ అంది: "మా నాన్న చిన్నప్పుడు ఊళ్ళో ఈ మాట రోజూ వినేవాడట బాబూ. ఆ మాట చెప్పే మావాళ్ళని మంచినీళ్ళ బావి దగ్గరకి రానిచ్చేవాళ్ళు కాదు. ఇన్నాళ్ళకి మళ్ళీ మన ఇంట్లో వింటున్నాను. అదీ కుక్క గురించి. పచ్చడి వేసుకో."

"ఇది వేరత్తయ్యా" అన్నాడు. ఎలా వేరో చెప్పడానికి వాక్యం కోసం కాసేపు వెతికాడు. దొరక్క పచ్చడి వేసుకున్నాడు.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు. అపార్ట్‌మెంట్ కింద కుక్కల్ని తిప్పేచోట ఎవరు ఎదురైనా అతని మొదటి ప్రశ్న "పేపర్లున్నాయా?" అసోసియేషన్ ప్రెసిడెంటు రామచంద్రం గారు తన ముసలి పమేరియన్‌ని ఎత్తుకుని ఇంకో దారిన వెళ్ళడం మొదలుపెట్టారు. ఆఫీసులో అతని కింద పనిచేసే రాకేశ్‌ది అసలు పుప్పాలగూడే. అక్కడ టవర్లు లేవకముందు నుంచీ ఉన్న ఇల్లు. వాళ్ళింట్లో ఒక నల్లమచ్చల వీధికుక్క ఉండేది. దాన్ని చూపించినప్పుడు ఇమ్మాన్యుయేల్ జాలిగా దాని తల నిమిరి, "పాపం, దీనికి రికార్డు ఏమీ లేదు కదా" అన్నాడు.

"లేదు సార్" అన్నాడు రాకేశ్. "మా తాతకు గూడ లేదు."

బారన్‌కి రెండేళ్ళు నిండాయి. అద్దంలాంటి ఒళ్ళు, వెడల్పాటి తల, దుడ్డుకర్రలాంటి తోక. ఇంతటి వంశం ఇక్కడితో ఆగిపోతే దేశానికి నష్టమని ఇమ్మాన్యుయేల్‌కి గట్టిగా అనిపించింది. మంచి రిజిస్టర్డ్ ఫీమేల్‌ని చూసి జత కట్టించాలి. క్రాసింగుకి బదులుగా మగకుక్క వాళ్ళకి పిల్లల్లో వాటా ఇవ్వడం రివాజు. ఇంకా పిల్లా లేదు, ఆ పిల్లకి తల్లీ లేదు, అయినా అతను పంపకాలు మొదలుపెట్టాడు. ఒకటి పై మేనేజరుకి, ఒకటి చర్చి పాస్టరు గారికి, ఒకటి హెచ్.ఆర్. ప్రశాంతికి, ఒకటి రాకేశ్‌కి. రాకేశ్ అడగలేదు. అయినా అతని జీవితంలో ఒక మంచి మార్పు రావాలని ఇమ్మాన్యుయేలే నిర్ణయించాడు. "బారన్ వారసులు" అని వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాడు. అందులో రోజూ పొద్దున ఒక ఫొటో. అందరూ దండం బొమ్మ పెట్టేవాళ్ళు.

బారన్‌ని చూసే వెటర్నరీ డాక్టరు పార్థసారథి ఒక పేరు చెప్పాడు. మూసాపేటలో భూలక్ష్మి అని ఒకావిడ ఉంది, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది, ఆవిడ దగ్గర ఒక మంచి ఆడ లాబ్రడార్ ఉంది, కానీ చాలా ప్రశ్నలు వేస్తుంది అని. "ప్రశ్నలు వేయడం నా వృత్తి డాక్టరు గారూ" అని నవ్వాడు ఇమ్మాన్యుయేల్.

ఆదివారం ఆరాధన అయ్యాక బారన్‌కి స్నానం చేయించి, మెడకి కొత్త పట్టీ కట్టి, ఫ్రేములోంచి సర్టిఫికెట్టు తీసి ఫైల్లో పెట్టుకుని, తనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. పెళ్ళిచూపులకి మగపిల్లవాణ్ణి తీసుకెళ్ళే తండ్రి కూడా అంత ధీమాగా వెళ్ళడు. మెట్రో స్టేషన్ వెనక సందులో పాత ఇల్లు. ముందుగదిలో ఒక నల్ల లాబ్రడార్ చాప మీద పడుకుని ఉంది. లేచి వచ్చి బారన్‌ని ఒకసారి వాసన చూసి, వెళ్ళి మళ్ళీ పడుకుంది.

భూలక్ష్మి టీ ఇచ్చింది. ఫైలు తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని, సర్టిఫికెట్టు ఒక్కసారి పైనుంచి కిందికి చూసి, తిరిగి అతని చేతికిచ్చింది. ముత్తాత దగ్గర ఆగుతుందని ఎదురుచూశాడు. ఆగలేదు.

"పేపర్ మంచిగనే ఉంది సార్. తల్లెవరు, తండ్రెవరు అని తెలుస్తది. మరి తుంటి ఫొటో ఏది?"

ఇమ్మాన్యుయేల్ ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నాడు. ఫోను తీసి వేలితో జరుపుకుంటూ పోయి, బారన్ పార్కులో అటు తిరిగి నిలబడ్డ ఫొటో ఒకటి పట్టుకున్నాడు. సాయంత్రపు వెలుగులో వెనక నుంచి తీసింది. తోక నిటారుగా ఉంది. గర్వంగా ఆవిడ ముందు పెట్టాడు.

"ఇది బాగా వచ్చిందండీ. ఇంకో పక్క నుంచి కూడా ఉంది."

భూలక్ష్మి ఆ ఫొటోని చాలాసేపు చూసింది. నవ్వు ఆపుకుంటోందని అతనికి అప్పుడు తెలియలేదు. కాలేజీలో పిల్లలతో వేగిన మనిషి కదా, మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

"మంచిగుంది సార్. కానీ నేనడిగేది ఎక్స్‌రే. లాబ్రడార్లకు తుంటి కీలు సరిగ్గ కూసోకపోవుడు మస్తుగుంటది. పైకి కనబడది. పిల్లలకు దిగుతది. మా పిల్లకు తుంటివి, మోచేతులవి రెండూ తీయించిన. కండ్లు గూడ చూపించిన. ఇగ మీరు చెప్పున్రి, పిల్లలు పుట్టినంక ఎవరికిస్తరు?"

ఇమ్మాన్యుయేల్ గ్రూపులోని పేర్లన్నీ చదివాడు.

"వాళ్ళ ఇండ్లు చూసిన్రా?"

"లేదండీ."

"పగలు ఇంట్ల ఎవరుంటరో ఎరుకేనా?"

"అందరూ ఆఫీసులోనే ఉంటారండీ. నా కళ్ళముందే."

"ఆర్నెల్లకు వద్దనుకుంటే మీరు వాపస్ తీసుకుంటరా? నేనైతే తీసుకుంట. నా ఇంట్ల పుట్టింది ఎన్నేండ్లకైనా నాదే."

వాపసు అనే మాటే అతనికి తట్టలేదు. టీ చల్లారిపోయింది. బారన్ మాత్రం సిగ్గులేకుండా ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని కూర్చున్నాడు.

"ఫికర్ చేయకున్రి" అంది భూలక్ష్మి. "ఎక్స్‌రే తీయించుకొని రాన్రి. మంచిగొస్తే మాట్లాడుదం."

తిరుగుదారిలో ఇమ్మాన్యుయేల్ ఆవిడ మీద కోపంతో కూకట్‌పల్లి దాటాడు. ఛాంపియన్ ముని మనవణ్ణి పట్టుకుని ఎక్స్‌రే అంటుందా? హైటెక్ సిటీ ఫ్లైఓవరు మీద ట్రాఫిక్ ఆగింది. అక్కడ ఆగిపోయాక గానీ, తన కుర్చీ వెనక అంటించిన కాగితం గుర్తుకు రాలేదు. టెస్టు చేయనిది గడప దాటదు. పక్కసీట్లో బారన్ నాలుక బయటపెట్టి అతని వైపే చూస్తున్నాడు. "సరేలే, తీయిద్దాం" అన్నాడు కుక్కతో. ఎలాగూ పాసవుతుందనే నమ్మకంతోనే అన్నాడు.

పార్థసారథి బారన్‌కి మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనకకాళ్ళు చాపి ఎక్స్‌రే తీశాడు. తెర మీద చూపించాడు. తుంటి దగ్గర ఎముక గుండు గిన్నెలో కూర్చోవాలి. ఇక్కడ గిన్నె లోతు తక్కువ, గుండు సగం బయటే ఉంది. రెండు పక్కలా అంతే.

"ఇప్పుడే నొప్పి ఉండకపోవచ్చు" అన్నాడు డాక్టరు. "బరువు పెరగనివ్వకండి, మెట్లు తగ్గించండి, ఈత కొట్టిస్తే మంచిది. జాగ్రత్తగా చూసుకుంటే హాయిగా బతుకుతాడు. కానీ వీడికి పిల్లలు వద్దు."

"ఇంట్లో బాగానే పరిగెడతాడండీ."

ఆ మాట నోట్లోంచి వచ్చిన తరువాత అది ఎక్కడో విన్నట్టు అనిపించింది. ప్రోగ్రాములో తప్పు చూపించిన ప్రతిసారీ కుర్రాళ్ళు అనేది ఇదే: నా కంప్యూటర్లో బాగానే నడుస్తోంది సార్. విన్నప్పుడల్లా వాళ్ళను ఎంత చులకనగా చూసేవాడో అతనికి తెలుసు. అయినా ఆగలేదు. ఫొటో సరిగ్గా రాలేదేమో అన్నాడు. పడుకోబెట్టిన కోణం తేడా ఏమో అన్నాడు. పార్థసారథి ఓపికగా రెండోసారి చూపించాడు. రెండోసారీ ఎముక అక్కడే ఉంది.

ఆ వారంలోనే కుక్కల వాట్సాప్ గ్రూపుల ద్వారా ఒకాయన ఫోన్ చేశాడు. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఫామ్ ఉందని, పేపర్ ఉన్న మగకుక్క ఉంటే చాలని, ఎక్స్‌రేలూ గిక్స్‌రేలూ అడగనని చెప్పాడు. "చూసి వస్తే తప్పేముంది" అని ఇమ్మాన్యుయేల్ తనకు తను చెప్పుకున్నాడు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. దారి తెలిసినవాడని రాకేశ్‌ని తోడు తీసుకుని వెళ్ళాడు. బారన్‌ని కారులోనే ఉంచారు.

రేకుల షెడ్డు. లోపల వరసగా ఇనుప బోనులు. గోడకి సర్టిఫికెట్లు, లామినేషన్ చేసినవి, అన్నీ అసలైనవే. చివరి బోనులో పసుపు రంగు ఆడకుక్క, ఒంట్లో ఉన్నదంతా పిల్లలకే పోయినట్టు పక్కటెముకలు తేలి, పొదుగు నేలకి వేలాడుతూ ఉంది. ఇమ్మాన్యుయేల్‌ని చూసి లేవబోయింది. ముందుకాళ్ళ మీద లేచింది గానీ, వెనక భాగం అటూ ఇటూ ఊగి మళ్ళీ కూలబడింది. ఈడ్చుకుంటూనే ఊచల దాకా వచ్చి అతని వేళ్ళు నాకింది.

"ఇది ఎన్నో ఈత?" అని అడిగాడు.

"లెక్క రాయలే సార్" అన్నాడు వెనకే వచ్చిన ఫామ్ ఆయన. "మంచిగ పెడతది. తొమ్మిదికి తక్కువ పెట్టదు."

"తుంటి ఎక్స్‌రే ఉందా?"

"ఫొటో కావాల్నా సార్? వాట్సాప్ చేస్త."

ఇమ్మాన్యుయేల్ మెల్లగా వేళ్ళు వెనక్కి తీసుకుని బయటికి వచ్చాడు. రాకేశ్ వెనకాలే వచ్చాడు. కారు దగ్గర ఆగారు.

"నన్నెందుకు ఆపలేదు రాకేశ్?"

"మీరు చూసి ఆగుతరనుకున్న సార్" అన్నాడు రాకేశ్. తరువాత, "జర పరేషానైన గానీ" అని కలిపాడు.

ఆ షెడ్డు మీద జంతు సంరక్షణ వాళ్ళకి ఫిర్యాదు రాశాడు. ఎక్కడేం తప్పో వరసగా రాయడం అతనికి అలవాటైన పనే. వాళ్ళు వెళ్ళి కొన్ని కుక్కల్ని తీసుకెళ్ళారని విన్నాడు. ఆ పసుపు కుక్క వాటిలో ఉందో లేదో తెలియలేదు. భోజనాల దగ్గర ఈ ముక్క వచ్చినప్పుడు మాత్రం గబగబా దాటేస్తాడు. దీన్ని నవ్వించేట్టు చెప్పడం అతనికి చేతకాలేదు.

మిగిలింది మాటిచ్చిన వాళ్ళకి చెప్పడం. ఎంతమంది గుండెలు పగులుతాయోనని దిగులు పడుతూ "బారన్ వారసులు" గ్రూపులో పొడుగాటి సందేశం పెట్టాడు. కీలు, గిన్నె, వంశపారంపర్యం, క్షమాపణ అన్నీ రాశాడు. మొదటి జవాబు పై మేనేజరుది: "ఓకే. థాంక్ గాడ్." ఎక్కడో పొరపాటున పడిందనుకుని ఆయన గదికి వెళ్ళాడు. పొరపాటేమీ కాదు. కుక్కను తెస్తే తనను బయట పడుకోబెడతానని ఆయన భార్య అప్పటికే చెప్పిందట. ప్రశాంతికి కుక్క వెంట్రుకలు పడవు. ఇన్నాళ్ళూ ఎలా చెప్పాలో తెలియక దండం బొమ్మలు పెట్టింది. పాస్టరు గారు ఆ ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన కాస్త ఎక్కువసేపు చేసినట్టు ఇమ్మాన్యుయేల్‌కి అనిపించింది. ఇంతమందిలో ఒక్కరికీ పిల్ల అక్కర్లేదు.

భూలక్ష్మికి ఎక్స్‌రే చూపించడానికి వెళ్ళినప్పుడు బారన్ని ఆవిడ దగ్గరకి పిలిచి ముద్దు చేసి అంది: "కొన్నకాడ చెప్పిన్రా? వాళ్ళకు తెల్వకపోతే అదే జోడీని మళ్ళ కలుపుతరు." దెబ్బలాడటానికి సిద్ధపడి కోయంబత్తూరుకి ఫోన్ చేశాడు. అంతా విని ఆ బ్రీడరు ఎక్స్‌రే పంపమన్నాడు. కొన్నాళ్ళకి తనే ఫోన్ చేశాడు. తల్లికి తీయించాడట, దానికీ ఉందట, ఇక దాన్ని ఈనిపించడం మానేశానన్నాడు. "కొన్నవాళ్ళు షో ఫొటోలు పంపుతారు సార్, ఇలాంటివి పంపరు" అన్నాడు. దెబ్బలాడటానికి దాచుకున్న మాటలన్నీ ఇమ్మాన్యుయేల్ దగ్గరే మిగిలిపోయాయి.

పిల్లలు పుట్టకుండా బారన్‌కి ఆపరేషన్ చేయించారు. తరువాత ఇంటి పెత్తనం సెలీనా చేతికి వెళ్ళింది. బారన్‌కి గిన్నెడు తిండి కొలిచి పెట్టసాగింది. మోకాళ్ళ నొప్పులున్న దీనమ్మకి అన్నం తగ్గించింది. పొట్ట సంగతి ఎత్తకుండానే ఇమ్మాన్యుయేల్‌ని రాత్రిళ్ళు పుల్కాలకి మార్చింది. పొద్దున్నే దీనమ్మా బారన్ అపార్ట్‌మెంట్ చుట్టూ ఒకే వేగంతో నడుస్తారు. వాళ్ళ కంటే వెనక అతను. రామచంద్రం గారు ఇప్పుడు పమేరియన్‌ని కింద దింపి పలకరిస్తున్నారు.

ఆ ఏడాది భూలక్ష్మి కుక్క ఇంకో కీలు గట్టి మగకుక్కతో కలిసి ఏడు పిల్లల్ని పెట్టింది. కొనడానికి వచ్చేవాళ్ళని ప్రశ్నలు అడగడానికి ఇమ్మాన్యుయేల్ ఆదివారాలు మూసాపేట వెళ్ళి కూర్చునేవాడు. ఎవరినీ ఓ పట్టాన పాస్ చేసేవాడు కాదు. ఒకతను ఊరికే నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. "సార్, మీరు గిట్ల అడిగితే ఏడూ నా మీదనే పండుకుంటయి" అని భూలక్ష్మి అతన్ని పక్కగదిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. పిల్లలు ఉండేది ఆ గదిలోనే. వాటిలో ఒక నల్లపిల్ల అతని బూటు లేసు పట్టుకుని వదిలేది కాదు. చివరికి ఆ ఒక్కటే మిగిలింది.

ఇమ్మాన్యుయేల్ గొంతు సవరించుకుని, దాన్ని తనకిమ్మని అడిగాడు. కీళ్ళ గురించి, వాపసు గురించి, తిండి గురించి ఏ ప్రశ్నకైనా సిద్ధంగా ఉన్నాడు. భూలక్ష్మి ఒక్కటే అడిగింది.

"పగలు ఇంట్ల ఎవరుంటరు?"

"మా అత్తయ్య గారు."

"ఆమెకు మోకాళ్ళు. బారన్‌కు తుంట్లు. ఆ ఇద్దరి నడుమ దీన్ని ఇడిస్తే ఎవరు ఉరకాలె దీని ఎనక? మీరు రాత్రి దాకా ఆఫీసుల ఉంటరు. ఇయ్య సార్."

వాదించబోయి, వాదించడానికి ఏమీ లేదని గ్రహించి, బూటు లేసు మెల్లగా విడిపించుకుని వచ్చేశాడు. ఇంటికి వచ్చి భోజనం దగ్గర సంగతి చెప్పాడు. సెలీనా నవ్వుతూ రెండో పుల్కా వేసింది. మూడోది అడిగితే వినిపించనట్టు ఊరుకుంది. దీనమ్మ బారన్ తల మీద చెయ్యి వేసుకుని అంతా విని, "ఆ మేడం గారిని ఒకసారి భోజనానికి పిలువు బాబూ" అంది. "మాట్లాడదగ్గ మనిషిలా ఉంది."